పొద్దు గూకని ఊరి సంగతి

ఈ వైశాఖంలో ఇంటికి తాళం వేసి
జీడితోటకి కాపురం మార్చాం.
ఉక్కపోతకి కాదు, కరెంటు కోతకీ కాదు,
మా ఆయనకి నార్వే గుర్తొచ్చి.

పద్దెనిమిదేళ్ళు ఓడలో వంటవాడు.
ఎన్ని రేవులు తిరిగాడో,
ఉప్పు ఎక్కడ చవకో తప్ప ఇంకో ముక్క చెప్పడు.
ఆ ఒక్క రేవు గురించి మాత్రం
పచ్చి జీడిపిక్క కాల్చినట్టు
కొంచెం కొంచెంగా, పొగతో సహా చెప్తాడు.

అక్కడ జూన్‌లో రాత్రి పదకొండుకి కూడా
సూర్యుడు కొండ మీదే కూర్చుంటాడట,
భోజనాలయ్యాక కూడా లేవని చుట్టంలాగ.
బ్యాంకు మేనేజరూ బస్సు డ్రైవరూ
రొట్టె, చేపలు, పిల్లలు, కుక్క సర్దుకుని
ఎవరి చెక్కగుడిసెకి వాళ్ళు పోతారట.
అక్కడ కుళాయి ఉండదట. దీపం ఉండదట.
అవి లేవనే వెళ్తారట.
"ఒంటికి ఎండ పట్టించుకుంటారే దమయంతీ,
మనం నువ్వులనూనె పట్టించినట్టు."

నవ్వాను.
కవిటిలో ఎండ కోసం సెలవు పెట్టేదెవరు?
ఇక్కడ ఎండ, అడక్కుండా ఇంట్లోకొచ్చి
కుండలో నీళ్ళు కూడా తాగి పోతుంది.

అయినా సర్దాను.
రెండు నులకమంచాలు, ఒక టార్పాలిన్,
నాలుగు క్యాన్ల నీళ్ళు
(బావి నీళ్ళంటే మా ఉద్దానంలో ఇప్పుడు అందరికీ భయమే),
టార్చిలైటు, ఉప్పు, కారం.
తోడికోడలు సుభాషిణి గుమ్మంలోనే పట్టుకుంది:
"ఏటే, పిక్కలకి కావలికా?"
"కాదే, సెలవులకి."
"సెలవులా? నువ్వే బడికెళ్తన్నావే!"

తిత్లీ తుఫాను ఒగ్గేసినవి పదకొండు చెట్లు.
తల లేని కొబ్బరొకటి
ఎవరో సగంలో ఆపేసిన మాటలాగ నిలబడి ఉంది.
రాలిన జీడిమామిడి పళ్ళు పులిసిన వాసన.
సరుగుడుల అవతల సముద్రం,
కనబడదు, ఊరుకోదు.
మొదటి రాత్రి దోమలు తినేశాయి.
నక్క అరిచింది. పనసకాయొకటి దబ్బున పడింది.
ఆయన గుర్రుపెట్టాడు.
నేను చుక్కలు లెక్కపెడుతూ నార్వేని తిట్టాను.

రెండో రోజు పొద్దున్న
పొయ్యి దగ్గరికి వెళ్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.
లుంగీ ఎగ్గట్టి, కొబ్బరిడొక్కల నిప్పు మీద
నెత్తళ్ళు కాల్చాడు. చింతకాయ నూరాడు.
ఉల్లిపాయ ఎంత సన్నగా తరిగాడంటే
నాకు సిగ్గేసింది.
ఇరవైరెండు మందికి మూడు పూటలా వండిన చెయ్యి అది.
ఇంటికొస్తే గరిటె ముట్టేది కాదు.
నేను అడగలేదు, ఆయనకి తోచలేదు,
పెళ్ళయి ఇరవైనాలుగేళ్ళు.

మోటారు తొట్టిలో కాళ్ళు పెట్టుకుని తిన్నాను.
ముల్లు తీస్తూ అడిగాను:
"ఆ చెక్కగుడిసె లోపల ఎలగుంటాది?"
కొంచెంసేపు నిప్పు కెలికాడు.
"నేను దిగనేదే. మాకు ఒడ్డు సెలవు ఇవ్వనేదు.
వంటగది కిటికీ ఉంటాది కదా, పళ్ళెమంత.
బంగాళాదుంపలు చెక్కుతా అందులోంచి సూసినాను.
రాతి మీద ఒకావిడ కూకుంది.
నీళ్ళల్లో కాళ్ళు, ఒళ్ళో పుస్తకం.
నీ ఈడే ఉంటాది.
మూడు గంటలు సూసినాను.
ఒక్కడూ ఆవిణ్ణి పిలవలేదు."

నేనేమీ అనలేదు.
తొట్టిలో నా కాళ్ళు
ఎవరివో కాళ్ళలాగ తెల్లగా కదిలాయి.

మా దగ్గర పొద్దు ఆరున్నరకే గూకిపోతుంది.
పొగ వేస్తే దోమలు కొంచెం తగ్గాయి.
గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.
"దమయంతీ" అన్నాడు.
ఏటి అన్నాను, లేవబోయాను.
"ఏటీ నేదు. కూకో."